బీవీపీ4సీలో సింగ్యులర్ జాకోబియన్ ఎర్రర్: నాకు పని చేసిన పద్ధతి

నా సమస్య: సాగే పలక మీద అయస్కాంత క్షేత్రంలో ద్రవ ప్రవాహం, దాంతో పాటు ఉష్ణ, ద్రవ్య బదిలీ. మాగ్నెటిక్ పరామితి ఎం (అయస్కాంత ప్రభావం ఎంతో చెప్పే సంఖ్య) పెంచగానే, రెండు చివర్లా షరతులున్న అవకలన సమీకరణాలను సాధించే మ్యాట్‌ల్యాబ్ ఫంక్షన్ బీవీపీ4సీ 'సింగ్యులర్ జాకోబియన్' (లోపల సాధించాల్సిన మాత్రికకు విలోమం లేదు) అని ఆగిపోయేది. టాలరెన్స్ మార్చినా, మెష్ పాయింట్లు పెంచినా లాభం లేదు.

చివరికి ముందు ఎం = 0 పెట్టి, వేగం, ఉష్ణోగ్రత, గాఢత మూడింటికీ గోడ దగ్గర 1తో మొదలై ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గే గెస్ (సాల్వర్ మొదలుపెట్టడానికి ఇచ్చే అంచనా) ఇచ్చాను. అది కన్వర్జ్ అయ్యాక వచ్చిన సొల్యూషన్‌నే తర్వాతి గెస్‌గా ఇస్తూ ఎంని 0.5 చొప్పున పెంచుకుంటూ పోయాను. ప్రతి మెట్టులోనూ గోడ దగ్గర వేగం వాలు −√(1+ఎం) రావాలి, అంటే ఎం = 3కి సరిగ్గా −2; ఈ ఒక్క చెక్ టెన్షన్ చాలా తగ్గిస్తుంది. బోయన్సీ (సాంద్రత తేడా వల్ల ద్రవం తేలడం), స్లిప్ (గోడ దగ్గర ద్రవం జారడం) ఉంటే మాత్రం ఈ సూత్రం వర్తించదు.

ప్రాంట్ల్ సంఖ్య (ఉష్ణ వ్యాప్తితో పోలిస్తే స్నిగ్ధత ప్రభావం ఎంతో చెప్పేది) తక్కువైతే ఉష్ణ పొర మందంగా ఉంటుంది, ఈటా (గోడ నుంచి దూరాన్ని సూచించే చలరాశి) హద్దు పెంచి చూడండి. కుంచించుకునే పలకకి రెండు సొల్యూషన్లు రావచ్చు, అక్కడ ఈ పద్ధతి వాటిలో దేని మీదకి తీసుకెళ్తుందో హామీ ఇవ్వలేను.