అంబాసిడర్ వాషర్ డబ్బా: నీళ్లు నిలవకపోయినా, అద్దం మీద పడకపోయినా

ముందు వెళ్లే లారీ అద్దం నిండా బురద చిమ్మినప్పుడు అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ పనిచేయకపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. మా నాన్న కొన్న అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి సరిగ్గా అమరే వాషర్ నీళ్ల డబ్బా కోసం వెతకడం కంటే ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే మేలు.

రాత్రి నింపితే పొద్దున్నకి ఖాళీ

డబ్బాను విప్పి, కడిగి, తుడిచి, నీళ్లు నింపి పాత పేపరు మీద పెట్టండి. తడి మొదట ఎక్కడ కనిపిస్తే కారుతున్నది అక్కడే. నీళ్లు తోసే మోటారు డబ్బాకే బిగించి ఉంటే, రెండూ కలిసే చోట ఉన్న రబ్బరు బుష్‌ను గోటితో నొక్కి చూడండి. మెత్తగా ఉండకుండా రాయిలా గట్టిపడి ఉంటే కొత్తది వేయండి.

పగులైతే ఎక్కువగా బ్రాకెట్ పట్టుకునే మూల దగ్గరే ఉంటుంది. ఇంజిన్ వేడి, అదురు రెండూ తగిలే చోటు అది. గమ్ము మాత్రం పెట్టకండి. ఈ డబ్బాలు సాధారణంగా పాలిథిలీన్‌తోనో పాలీప్రొపిలీన్‌తోనో చేస్తారు. వాటి ఒంటికి మామూలు గమ్ము పట్టదు. నేను పూసిన ఎపాక్సీ నాలుగో రోజుకి అట్టు పెనం వదిలినట్టు పొరగా లేచొచ్చింది.

దీనికి మందు ప్లాస్టిక్‌ను కరిగించి అతకడమే. డబ్బా అడుగున పీఈ (పాలిథిలీన్) అనో పీపీ (పాలీప్రొపిలీన్) అనో గుర్తు ఉందేమో చూడండి. పీఈ అయితే త్రికోణంలో 2 అంకె ఉన్న షాంపూ సీసా, పీపీ అయితే 5 ఉన్న డబ్బా తీసుకుని సన్నని పట్టీలు కత్తిరించండి. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేస్తే అది ముందుకి పాకదు. సాల్డరింగ్ ఐరన్‌తో పగులు అంచులను కరిగిస్తూ, పట్టీని అందులోకి నొక్కుతూ పోండి. పైపైన పూసినట్టు కాదు, రెండూ కలిసి ఒకే ముద్ద కావాలి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగితే వేడి ఎక్కువైనట్టే. డబ్బా పూర్తిగా ఆరాకే, గాలి ఆడే చోట ఈ పని చేయండి.

మోటారు చప్పుడు ఉంది, నీళ్లు లేవు

ముందు డబ్బా మూత తీసి స్విచ్ నొక్కండి. అప్పుడు నీళ్లు బాగా వస్తే మూతలో గాలి రంధ్రం పూడింది, సూదితో పొడిస్తే చాలు. రాకపోతే అద్దం మీదకి నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గర పైపు లాగి మళ్లీ నొక్కండి. పైపులోంచి ధారగా వస్తే నాజిల్ మూసుకుపోయినట్టు. బోరు నీళ్లు పోసే మన ఊళ్లలో ఇది మామూలే. నాజిల్‌ను కాసేపు వెనిగర్‌లో నానబెట్టి, సన్నని తీగతో తెల్ల పొరను తీసేయండి. ఇకపై బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే పోయండి. పైపులోనూ రాకపోతే బానెట్ కింద ఎక్కడో మడత పడింది, లేదా డబ్బా అడుగున జాలీకి నాచు పట్టింది.

చప్పుడే లేదు

ఫ్యూజ్, తర్వాత ఎర్త్ వైరు తుప్పు చూడండి. రెండూ బాగుంటే మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే తప్పు స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. నీళ్లు లేకుండా మాత్రం ఒకటి రెండు సెకన్లకు మించి తిప్పకండి.

నొక్కిన చాలాసేపటికి నీళ్లు

పైపులో నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి. నాజిల్ వైపు బాణం గుర్తు ఉండేలా చిన్న వన్-వే వాల్వు ఒకటి మధ్యలో పెట్టండి.