బాస్ ఎక్కడికి పోయింది?

ఇల్లు మారాక నాన్న పాత స్టీరియో స్పీకర్లు మళ్లీ బిగించాను. పాట వస్తోంది కానీ బాస్, అంటే లోతైన శబ్దం, లేదు. గాయని గొంతు మధ్యలో నిలబడకుండా గదంతా చెదిరిపోతోంది. ఆ లోతైన శబ్దాలు పలికించే ఊఫర్లు పోయాయేమోనని టెన్షన్ పడ్డాను. మల్టీమీటర్‌లో రెండూ 6 ఓమ్‌లు చూపాయి. 8 ఓమ్‌లని రాసున్న స్పీకర్‌కు మీటర్ కొలిచే డీసీ రెసిస్టెన్స్ దాదాపు అంతే ఉంటుంది, కాబట్టి లోపలి తీగచుట్టలు, అంటే కాయిల్స్, బాగున్నట్టే.

వైర్లను ఆంప్లిఫయర్ దగ్గర ఊడదీసి, ఆ కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించాను. ప్లస్‌కు ప్లస్ తగిలితే స్పీకర్ ముందుభాగంలో కదిలే కోన్ ముందుకు రావాలి. ఎడమది వచ్చింది, కుడిది లోపలికి పోయింది! కుడి స్పీకర్ వెనక ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక కోన్ గాలిని నెడుతుంటే రెండోది లాగేస్తోంది, అందుకే లోతైన శబ్దాలు ఒకదాన్నొకటి చంపేసుకున్నాయి. ఆ రెండు కొసలు మార్చి బిగించగానే నాన్నకిష్టమైన మృదంగం గది నిండా మోగింది.