పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్‌ని మొదటిసారి ఎలా వినాలి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ అనగానే ఎక్కువమందికి 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్, దాని మీది పట్టకం బొమ్మ అట్ట గుర్తొస్తాయి. అది నచ్చి, అదే ఊపులో వెనక్కి వెళ్లి 1967 ఆగస్టులో వచ్చిన ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ పెట్టుకుని, రెండు పాటలకే ఆపేసినవాళ్లు నా స్నేహితుల్లోనే నలుగురున్నారు. మొదటిసారి నేనూ ఆపేశాను. ఆఫీసు బస్సులో, ఒకవైపు పనిచెయ్యని ఇయర్‌ఫోన్‌తో విన్నాను మరి. ఈ ఆల్బమ్ స్టీరియో మిక్స్‌లో ఒక వాద్యం ఎడమ చెవికి, ఇంకొకటి కుడి చెవికి పంచేసి ఉంటాయి. ఒక చెవితో వింటే సగం పాటే వింటున్నట్టు.

కాబట్టి ముందుగా రెండువైపులా సరిగ్గా పలికే హెడ్‌ఫోన్. ఖరీదైనది అక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక 42 నిమిషాలు ఎవరూ పిలవని వేళ చూసుకోండి. షఫుల్ తీసెయ్యండి. మొదటి పాట ‘ఆస్ట్రానమీ డోమినే’, చివరిది ‘బైక్’, మొత్తం 11 ఉండాలి. 1967లో అమెరికాలో వేసిన ముద్రణలో ఈ రెండూ లేవు, ‘ఫ్లేమింగ్’ కూడా లేదు. పాత రికార్డు కొంటుంటే వెనక జాబితా చూసి కొనండి.

ఈ ఆల్బమ్‌ని సైకడెలిక్ రాక్ అంటారు, అంటే కలలోలా, మత్తులోలా వింతగా వినిపించే సంగీతం. ఆ మాట అనగానే మత్తుమందుల ఊసెత్తి, అవి లేకుండా ఇది ఎక్కదనేవాళ్లుంటారు. ఆ మాట పట్టించుకోకండి. నాకు ఈ ఆల్బమ్ పిల్లల కథల పుస్తకంలా అనిపిస్తుంది, అలా విన్నప్పుడే తలుపు తెరుచుకుంది. పేరు కూడా కెన్నెత్ గ్రాహమ్ పిల్లల కోసం రాసిన పుస్తకంలోని ఏడో అధ్యాయం పేరే. దాదాపు పాటలన్నీ రాసిన సిడ్ బారెట్‌కి అప్పటికి 21 ఏళ్లు. పాటల నిండా సయామీ పిల్లి, మరుగుజ్జు, దిష్టిబొమ్మ, సైకిలు. మొదటి పాట మెగాఫోన్‌లో గ్రహాల, నక్షత్రాల పేర్లు చదివే గొంతుతో మొదలవుతుంది. అది వాళ్ల మేనేజర్ పీటర్ జెనర్‌ది. అర్థం కోసం తడుముకోకుండా ఆ పేర్లను అలా వినండి చాలు.

మూడో పాట ‘మటిల్డా మదర్’ దగ్గర మాత్రం నిలబడాలి. అమ్మ కథ చదువుతూ మధ్యలో ఆపేసింది, ఇంకా చెప్పమని పిల్లవాడు బతిమాలుతున్నాడు. ఎక్కువ భాగం పాడింది కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్. పాట నడిమధ్యలో ఆయన ఆర్గన్ ఒక్కటే ముందుకొస్తుంది.

మా నాన్నగారు తెనాలి వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఒక సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఈ పాట ఆయనకి వినిపించాను. మాటల్ని పట్టించుకోలేదు. ఆర్గన్ మొదలవగానే కళ్లు మూసుకున్నారు, కుడిచేతి వేళ్లు మంచంపట్టె మీద కదిలాయి. ‘మళ్లీ పెట్టు’ అన్నారు. మూడోసారికి అటక మీంచి పెట్టె దింపించి, ఎడం చేత్తో తిత్తి వేస్తూ ఒక్కో మెట్టూ వెతుక్కున్నారు. శుద్ధ రిషభం, అంతర గాంధారం, పైన చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. ‘చక్రవాకం మెట్లేరా ఇవి’ అన్నారు. గమకం లేదు, రాగం నడకా లేదు, రైట్ మన రాగం వాయించాడనీ నేననను. కానీ ఆ స్వరాలు నాన్నగారి వేళ్ల కింద పలికాక ఆ పాట నాకు పరాయిది కాలేదు. మీకు హార్మోనియం గానీ చిన్న కీబోర్డు గానీ ఉంటే ఆ చోటు ఒకసారి వాయించి చూడండి.

‘టేక్ అప్ దై స్టెతస్కోప్ అండ్ వాక్’ బ్యాండ్‌లో బేస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్ రాసిన మొదటి పాట. అంత గొప్పది కాదు. అక్కడితో రికార్డు మొదటి వైపు అయిపోతుంది. లేచి మంచినీళ్లు తాగి రండి.

ఎందుకంటే తర్వాతది దాదాపు 10 నిమిషాల ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’, చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. మొదట్లో గిటారు మెట్లు దిగుతున్నట్టు ఒక వరుస వాయిస్తుంది. దాన్ని పల్లవి అనుకుని మనసులో పట్టుకోండి. కాసేపటికి పల్లవి మాయమవుతుంది, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. టెన్షన్ పడకండి. నిక్ మేసన్ డ్రమ్స్ పట్టుకుని నడవండి. చివర్లో అదే పల్లవి తిరిగొచ్చి, స్టీరియోలో ఒక చెవి నుంచి ఇంకో చెవికి ఉయ్యాల ఊగుతుంది. ఇది రికార్డయింది లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో, బీటిల్స్ అక్కడే తమ పెద్ద ఆల్బమ్ మీద పనిచేస్తున్న నెలల్లో. ప్రొడ్యూసర్ నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్‌కి ఇంజనీరు.

రెండోసారి వినేటప్పుడు మోనో మిక్స్, అంటే రెండు చెవులకీ ఒకటే వినిపించేది, వెతకండి. 2007లో వచ్చిన 40 ఏళ్ల ఎడిషన్‌లో రెండూ ఉన్నాయి. గిటారు ఇందులో గట్టిగా తగులుతుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, కానీ ఆ ఉయ్యాల ఇందులో దొరకదు.

మానసికంగా దెబ్బతిన్న బారెట్, 1968 ఏప్రిల్ కల్లా బ్యాండ్‌లో లేడు. 2006లో కేంబ్రిడ్జ్‌లో చనిపోయాడు. ఈ సంగతి తెలిశాక ‘బైక్’ వింటే నాకు గొంతు పట్టేస్తుంది. ఒక అమ్మాయికి తన దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే చూపిస్తాడు. సైకిలు, ఒక ఎలుక, బొమ్మ బిస్కెట్లు. ఆఖరికి సంగీతం ఉన్న ఒక గదిలోకి వెళ్దాం రమ్మంటాడు. అక్కడితో పాట ఆగి గడియారాలు, గంటలు మొదలవుతాయి, ఆ తర్వాత బాతుల అరుపులాంటి శబ్దం తిరిగి తిరిగి వినిపిస్తూ మెల్లగా తగ్గిపోతుంది. ఆటోప్లే ముందే ఆపి పెట్టుకోండి. లేదంటే మీరింకా ఆ గదిలో ఉండగానే వేరే పాట వచ్చి పడుతుంది.