శ్రుతి తేలాకే సామాను: వయొలిన్, వయోలాకు ఏం కొనాలి, ఎలా అడగాలి

చెన్నైలో వయొలిన్ సామాను దొరకడం కష్టం కాదు. అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసే మ్యూజికల్ మొదలుకొని ఊరంతా చిన్నా పెద్దా వాద్యాల దుకాణాలున్నాయి. చిక్కంతా ఏం అడగాలో తెలియకపోవడంలోనే ఉంది. తీగల పెట్టెల మీద రాసేది పాశ్చాత్య పద్ధతి లెక్క, మన ఇళ్లలో ఎక్కువమంది నేర్చుకునేది కర్ణాటక సంగీతం. కాబట్టి బయల్దేరేముందే గురువుగారిని అడిగి రెండు సంగతులు తేల్చుకోండి: ఏ శ్రుతికి కలపాలి, కింద కూర్చుని వాయించాలా లేక నిలబడి వాయించాలా. ఏది కొనాలి, ఏది అక్కర్లేదు అన్నది చాలావరకు ఈ రెంటితోనే తేలిపోతుంది.

ముందు తీగలు. వయొలిన్ సెట్‌లో సన్నదాని నుంచి లావుదాని దాకా వరసగా ఇ, ఎ, డి, జి ఉంటాయి. వయొలిన్ కంటే కాస్త పెద్దదై, కింది స్థాయిలో పలికే వయోలాకైతే ఎ, డి, జి, సి. మనం లావు వైపు నుంచి మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమంగా కలుపుకుంటాం. విడి తీగ కావలసివస్తే స్వరం పేరు చెప్పకండి. మామూలు సెట్ వేసిన వయొలిన్‌లో ఒకటో తీగ తెగితే 'ఇ', రెండోది తెగితే 'ఎ' అని అడగాలి.

ఇక్కడే శ్రుతి లెక్క వస్తుంది. ఆడవారి గాత్రానికి మామూలుగా ఉండే 5 శ్రుతి అంటే జి. అప్పుడు తీగలు జి, డి, జి, డి అవుతాయి. లావు తీగలు రెండూ పెట్టె మీద రాసిన స్థాయిలోనే ఉంటాయి, సన్నవి రెండూ రెండేసి అర్ధస్వరాలు దిగుతాయి. వాటి బిగువు ఐదోవంతు తగ్గుతుంది, అంతే. మామూలు సెట్ హాయిగా సరిపోతుంది.

మగవారి 1 శ్రుతికి, అంటే సి, జి, సి, జి గా కలిపితే, కథ వేరు. లావు తీగలు ఏడేసి, సన్నవి తొమ్మిదేసి అర్ధస్వరాలు దిగాలి. తీగ బిగువు దాని పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి లావు తీగల్లో అసలు బిగువులో 44 శాతం, సన్నవాటిలో 35 శాతమే మిగులుతుంది. అంత వదులు తీగ కమాను కింద సరిగా పలకదు, కాస్త నొక్కితే స్వరం పైకి జారుతుంది. విద్యార్థి చెయ్యి బాగాలేదని అనుకుంటాం గానీ తప్పు తీగది.

దీనికి విరుగుడు తీగల్ని ఒక్కో స్థానం జరపడం. ఇ చోట ఎ, ఎ చోట డి, డి చోట జి వేసి, నాలుగో చోట సి తీగ వేయాలి. ఐదు తీగల వయొలిన్ల కోసం వయొలిన్ పొడవుకే చేసే సి తీగ ఉంటుంది, దాన్నే అడగండి. లావు పెరుగుతుంది కాబట్టి నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) మీద, బ్రిడ్జి (ఒంటి మీద తీగల్ని ఎత్తిపట్టే చెక్క) మీద గాళ్లను మరమ్మతుదారు చేత వెడల్పు చేయించాలి. ఇరుకు గాడిలో తీగ ఇరుక్కుని, శ్రుతి చేస్తుంటే టక్కుటక్కుమని దూకుతుంది. 2 శ్రుతి వాళ్లు సన్నవి రెండూ ఇలా జరిపి, లావు తీగలకు హెవీ రకం దొరికితే అది వేసుకుంటే చాలు.

వయోలా అయితే 1 శ్రుతికి ఉన్నదున్నట్టు సరిపోతుంది. సి, జి కదలవు, డి, ఎ తీగలు రెండేసి అర్ధస్వరాలు దిగుతాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వాయించిన వాద్యాల్లో వయోలా కూడా ఉంది. కాకపోతే దానికి ఒకే కొలత లేదు. ఫుల్ సైజ్ వయొలిన్ ఒళ్లు 14 అంగుళాలైతే, పెద్దవాళ్ల వయోలాలు 15 నుంచి 16.5 అంగుళాల దాకా ఉంటాయి. తీగల పెట్టె మీద ఏ కొలతకో చూసి కొనండి. వయొలిన్ తీగను పెద్ద వయోలాకు లాగితే పైన తీగను చుట్టే బిరడ దాకా అందకపోవచ్చు.

తీగ లోపలి సరుకు మూడు రకాలు. ఉక్కు తీగ చవక, శ్రుతి నిలుస్తుంది, నాదం కాస్త కరకుగా ఉంటుంది. సింథటిక్ కోర్, ఉదాహరణకు తోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ వారి డామినెంట్, నాదం గుండ్రంగా ఇస్తుంది, కొత్తలో మాత్రం కొద్దిరోజులు సాగుతూ ఉంటుంది. పేగు తీగ తేమకు ఇట్టే మారిపోతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. చెమట ఎక్కువ పట్టే చేతులకు తీగ పైన ఉండే అల్యూమినియం చుట్టు త్వరగా పాడవుతుంది, వెండి లేదా క్రోమ్ చుట్టు ఉన్నది చూసుకోండి. గమకాలు జారడానికి వేళ్లకు కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే, సాధన అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగల్ని తుడవాలి. ఆ నూనె కమాను వెంట్రుకలకు అంటితే వాటికి రుద్దే రోజిన్ (గట్టి బంక బిళ్ల) పట్టదు.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడుతుంది, లోపల జిగురు లేకుండా బిగువుతోనే నిలబడ్డ చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్ కూడా పడిపోవచ్చు. గాళ్లలో పెన్సిల్ గ్రాఫైట్ రుద్దండి. శ్రుతి పెంచేకొద్దీ బ్రిడ్జి వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు వైపు ఒరుగుతుంది. టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే పట్టీ) వైపు ముఖం వాద్యం ఒంటికి నిటారుగా ఉండేలా రెండు చేతులతో మెల్లగా వెనక్కి సర్దాలి. ఒరిగిన బ్రిడ్జిని అలాగే వదిలేస్తే వంగిపోతుంది. ఇ తీగ బాల్ ఎండా (కొసన చిన్న గుండు), లూప్ ఎండా (కొసన ఉచ్చు) అన్నది మీ ఫైన్ ట్యూనర్‌ను, అంటే శ్రుతిని సన్నగా సర్దే మరను, చూసి కొనండి.

ఉక్కు తీగలకు నాలుగింటికీ ఫైన్ ట్యూనర్లు కావాలి. చెక్క టెయిల్‌పీస్‌కు నాలుగు విడి ట్యూనర్లు తగిలిస్తే బరువు పెరిగి నాదం మూగబోతుంది. విట్‌నర్ లాంటి, ట్యూనర్లు లోపలే ఉన్న తేలిక టెయిల్‌పీస్ మేలు. బిరడలు వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటాయి, ఏసీ గదిలో ఎండి జారతాయి. రెంటికీ పెగ్ పేస్ట్ పనిచేస్తుంది, బలవంతంగా మాత్రం తిప్పకండి.

కమాను విషయానికొస్తే, నేర్చుకునేవాళ్లకు ఈ ఊళ్లో కార్బన్ ఫైబర్ కర్ర మంచి ఎంపిక, తేమకు వంగదు. వయొలిన్ కమాను సుమారు 60 గ్రాములు, వయోలాది 70. వాయించేటప్పుడు కర్ర మధ్యలో, వెంట్రుకలకూ కర్రకూ నడుమ పెన్సిల్ పట్టేంత సందు చాలు. తర్వాత తప్పక వదులు చేయాలి. తేమలో వెంట్రుకలు సాగుతాయని బిగించి, అలాగే ఏసీ గదిలో పెడితే అవి కుదించుకుని కర్రను లాగేస్తాయి. వేడి, తేమ ఉన్న చోటికి లేతరంగు గట్టి రోజిన్ సరిపోతుంది. ముదురు రంగు మెత్తది బంకలా అంటుకుంటుంది. కొత్త రోజిన్ బిళ్ల పట్టకపోతే పైన సన్న సాండ్‌పేపర్‌తో ఒకసారి గీకండి. వాద్యం ఒంటి మీద రాలిన తెల్లపొడిని అదేరోజు తుడవాలి, పేరుకుంటే వార్నిష్‌కు అంటుకుపోతుంది.

కింద కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి వాయించేవారికి షోల్డర్ రెస్ట్ (భుజం మీద వాద్యాన్ని నిలిపే ఆసరా) అక్కర్లేదు. పాశ్చాత్య పరీక్షలకు నిలబడి వాయించే పిల్లలకు మాత్రం కావాలి, వాద్యం సైజుకు తగ్గదే తీసుకోండి. వయోలా పక్కలు ఎత్తు ఎక్కువ కాబట్టి వయొలిన్ చిన్ రెస్ట్ (గడ్డం ఆనించే పలక) మరలు దానికి చాలకపోవచ్చు.

వాద్యం పెట్టెలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, తేమ పీల్చే సిలికా జెల్ సంచి పెట్టండి. 40 నుంచి 60 శాతం తేమ మంచిది. వాద్యం లోపలికి దూర్చే తేమ గొట్టాలు చలి, పొడి దేశాల వాళ్లకు, చెన్నైలో డబ్బు దండగ. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని వదలకండి, అతుకుల జిగురు కరిగి ఊడొస్తుంది.

ఎక్కడో 'జుర్ర్'మని మోత వస్తే తీగల్ని తిట్టేముందు వరసగా చూడండి: వదులైన ఫైన్ ట్యూనర్ మర, టెయిల్‌పీస్‌కు తగులుతున్న చిన్ రెస్ట్, లోతెక్కువైన నట్ గాడి. అవేవీ కాకపోతే అంచుల వెంట వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఒకచోట డొల్ల మోత వినిపిస్తే అతుకు విడిచినట్టే. అది ఫెవికాల్ పెట్టే పని కాదు, మరమ్మతుదారు దగ్గరికే తీసుకెళ్లాలి.