మానసిక వైద్యశాల నుంచి ఇంటికొచ్చాక: వార్డు పనులు ఇంట్లో ఎవరెవరు చేయాలి

ఆరు వారాలు వార్డులో ఉన్న ఇరవై రెండేళ్ల అబ్బాయి పొద్దున ఏడింటికి లేచాడంటే, లేపింది నర్సు. మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా నిలబడిందీ ఆవిడే. టిఫిను వేళకు వచ్చేది. రాత్రి ఫోను ఉండేది కాదు, సిగరెట్లకు లెక్క ఉండేది, ఏమీ తోచకపోతే పక్క మంచం వాళ్లు పలకరించేవాళ్లు. డిశ్చార్జి రోజు ఈ పనులన్నీ ఒక్కసారిగా అమ్మ మీద పడతాయి, లేదంటే ఎవరి మీదా పడవు. ఎవరి మీదా పడని ఇంట్లో ముందు మాత్ర ఆగుతుంది, తర్వాత నిద్ర చెడుతుంది, నెల తిరక్కుండా మళ్లీ ఆటో మాట్లాడుకోవాల్సి వస్తుంది.

అందుకని ఒక కాగితం తీసుకుని వార్డు చేసిపెట్టిన పనులన్నీ రాయండి. ఒక్కోదాని ఎదుట ఇప్పుడు ఎవరు చూస్తారో, ఏ వారానికి అది అబ్బాయి చేతికి వెళ్లాలో రాయండి. అమ్మాయైనా ఇంతే. ఈ కాగితం రాసేటప్పుడు తను పక్కనే కూర్చోవాలి. తనకు తెలియకుండా రాసుకున్నది మూడోరోజుకే కాపలాలా మారుతుంది.

డిశ్చార్జికి వారం ముందు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షను ప్రకారం, పంపించే ముందు సైకియాట్రిస్టు రోగితోనూ, ఇంట్లో తనను చూసుకునేవాళ్లతోనూ తర్వాతి వైద్యం గురించి మాట్లాడాలి. అంటే కూర్చోబెట్టి చెప్పమని అడగడం మీ హక్కు. డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టి పంపేస్తుంటే అక్కడే ఆగి ఇవి అడగండి: ప్రతి మందు అసలు పేరు (బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు), ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. వాటిలో ఏది నాలుగు రోజులకే ఇచ్చారు (నిద్రకు ఇచ్చే లోరాజెపామ్, క్లోనాజెపామ్ లాంటివి తరచూ ఇలా ఉంటాయి), దాన్ని ఎలా తగ్గించాలి. ఇంజెక్షను ఉంటే తర్వాతిది ఏ తేదీన. రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడు. రాత్రి ఇబ్బందయితే ఏ నంబరుకు చేయాలి. తర్వాతి ఓపీ తేదీ వారం లోపల ఉండాలి, అదీ బయటికి రాకముందే చీటీ మీద పడాలి. ఊరికి ఎర్రగడ్డో విశాఖో దూరమైతే, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఏ రోజుల్లో నడుస్తుందో, ఈ మందులు అక్కడ దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

వీలుంటే పూర్తిగా పంపే ముందు రెండు రోజులు సెలవు మీద ఇంటికి పంపమని అడగండి. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. ఆ రెండు రోజుల్లో ఏది తేడా కొట్టిందో రాసుకుని వెళితే వార్డులోనే సరిచేయించుకోవచ్చు.

పద్దెనిమిది నిండినవాళ్ల వివరాలు డాక్టరు మీకు అడిగినవన్నీ చెప్పాలని లేదు. తను బాగున్నప్పుడే, చికిత్స విషయాల్లో తన ప్రతినిధిగా ఎవరుండాలో తెల్లకాగితం మీద రాసి సంతకం చేయమనండి. ఆ ప్రతినిధి కూడా తనకు ఒప్పుదలేనని వైద్యులకు రాసివ్వాలి. అమ్మానాన్నలనే రాయాలనేం లేదు. మేనత్త మీద నమ్మకముంటే మేనత్తే.

మందులు

ఏడు రోజులకు పూటపూటకీ గదులున్న మందుల డబ్బా కొనండి. మొదటి రెండు వారాలు మాత్ర మీరు తీసి ఇవ్వండి, మంచినీళ్లు తాగేదాకా పక్కనే ఉండండి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా తనే తీసుకుంటాడు, రాత్రి గది ఖాళీ అయిందో లేదో మీరు చూస్తారు. ఆ తర్వాత ఆదివారం డబ్బా నింపడం తన పని, వారానికోసారి ఒక చూపు మీ పని. రెండు పూటలు తప్పితే ఒక మెట్టు వెనక్కి రండి. తిట్టకుండా రావాలి, తిట్టు పడితే మాత్ర జేబులోకో కుండీలోకో పోతుంది.

స్ట్రిప్పుల దగ్గర ఒక చిక్కుంది. ఈ నెల షాపులో పాత బ్రాండు లేదని వేరేది ఇస్తారు. పైన పెద్ద అక్షరాల్లో కొత్త పేరు, రంగు వేరు, కింద చీమతలంత అక్షరాల్లో ఓలాంజాపైన్ 10 మిల్లీగ్రాములు. డ్రాయరులో పాత స్ట్రిప్పు సగం మిగిలే ఉంది, దాని కిందా అదే రాసుంది. రెండూ వేరువేరు మందులనుకుని రెండూ వేస్తారు, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవడు. షాపు నుంచి రాగానే ఆ చిన్న అక్షరాలను చీటీతో సరిపోల్చి, పాతది అయ్యాకే కొత్తది డబ్బాలో వేయండి.

మాత్ర మానడానికి మొండితనమే కారణమని తీర్మానించకండి. బరువు పెరగడం, పగలంతా మత్తు, లైంగిక ఇబ్బంది ఇంట్లో చెప్పుకోలేరు. డాక్టరు దగ్గర తనకు ఐదు నిమిషాలు ఒంటరిగా దొరికేలా మీరు బయట కూర్చోండి. కుదురుగా కూర్చోలేక, కాళ్లు ఆడిస్తూ, గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే జబ్బు తిరగబెట్టిందని కంగారుపడతారు. చాలాసార్లు అది మందు తెచ్చిన అశాంతి. ‘ఆవేశంగా ఉన్నాడు’ అని చెబితే డోసు పెరిగే ప్రమాదముంది. చూసింది చూసినట్టు, మాత్ర మారిన ఎన్నో రోజు నుంచో కలిపి చెప్పండి.

లిథియం వాడుతుంటే రక్తం రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు ఇవ్వాలి, పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. ఒంటినొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అడగకుండా వేయొద్దు, రక్తంలో లిథియం పెరుగుతుంది. పారాసెటమాల్ ఫరవాలేదు. ఉప్పు ఒక్కసారిగా మానిపించకండి. మే నెల ఎండలో చెమట, వాంతులు, విరేచనాలు దీనికి శత్రువులు. చేతులు బాగా వణికి, మాట ముద్దగా వచ్చి, నడక తూలితే ఆ పూట మాత్ర ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

క్లోజపైన్ అయితే ఇంకా జాగ్రత్త. మొదటి 18 వారాలు వారం వారం రక్తకణాల లెక్క చూడటం మామూలు పద్ధతి. జ్వరం, గొంతునొప్పి వస్తే డోలోతో సరిపెట్టకుండా ఆరోజే రక్తపరీక్ష చేయించండి. రెండు రోజులకు మించి మానేస్తే పాత డోసుతో మళ్లీ మొదలెట్టకూడదు, డాక్టరు చిన్న డోసు నుంచి పెంచుకురావాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సిగరెట్ల సంగతీ డాక్టరుకు చెప్పండి: వార్డులో మానిన పొగ ఇంటికొచ్చాక పెరిగితే రక్తంలో ఈ మందు తగ్గిపోతుంది.

వాల్‌ప్రోయేట్ వాడే అమ్మాయి విషయంలో గర్భం గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి. గర్భంలోని బిడ్డకు అది హాని చేస్తుంది.

నిద్ర, దీక్షలు

లేచే వేళ మాత్రం మార్చకండి. పడుకునే వేళ దాని వెనకే సర్దుకుంటుంది. బైపోలార్ (మనసు ఉన్మాదానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి జాగారమే ఉన్మాదానికి దారితీయొచ్చు. శివరాత్రికి జాగారం వద్దు, పూజ చేసి పడుకోమనండి. అయ్యప్ప మాల వేసుకోవాలని ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడాలి: 41 రోజులు తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, దీక్షలో మాత్రలెందుకని పక్కవాళ్ల సలహా. రంజాన్ ఉపవాసాల ముందూ ఇదే మాట, ముఖ్యంగా లిథియం మీద ఉంటే. తాయెత్తు కట్టించుకుంటే నష్టం లేదు, అది కట్టినవాళ్లు మాత్ర ఆపమంటేనే నష్టం.

ఇంట్లో మాట

‘పొద్దెక్కింది, ఇంకా లేవవా? నీ ఈడువాళ్లు లక్షలు సంపాదిస్తున్నారు.’ ఈ మాటకు దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటాడు. ‘తొమ్మిదిన్నరకు పాలకేంద్రం దాకా వెళ్దామనుకున్నాం, చెప్పులేసుకుంటావా?’ అంటే లేవొచ్చు, లేవకపోవచ్చు, గొడవైతే ఉండదు. జార్జి బ్రౌన్, జూలియన్ లెఫ్ లాంటివాళ్లు లండన్‌లో చేసిన పరిశోధనల్లో తేలింది ఇదే: దెప్పుళ్లు, ద్వేషం, మితిమీరిన అంటిపెట్టుకోవడం ఉన్న ఇళ్లలో స్కిజోఫ్రెనియా ఎక్కువగా తిరగబెట్టింది. అలాంటి ఇంటివాళ్లతో వారానికి 35 గంటలు మించి ఎదురెదురుగా గడిపినవాళ్ల పరిస్థితి మరీ కష్టం. మన ఇళ్లలో ఆ అంటిపెట్టుకోవడమే తప్పుగా కంటికి ఆనదు. ఇరవై రెండేళ్లవాడికి అన్నం కలిపి పెట్టడం, ఫోను వెతకడం ప్రేమలాగే కనిపిస్తాయి. రోజుకు రెండు గంటలు తనను వేరే గదిలో ఒంటరిగా వదలండి, మీరూ గుడికో వాకింగుకో వెళ్లండి.

చుట్టాలకు ఒకే వాక్యం అందరూ నేర్చుకోండి: ‘ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నాడు, ఇప్పుడు కోలుకుంటున్నాడు.’ పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనే పెద్దవాళ్ల మాట అక్కడే ఆపండి. అది వైద్యం కాదు, పైగా దాచి చేస్తే ఇద్దరి బతుకూ పాడవుతుంది.

ప్రమాదం

ఆత్మహత్య ప్రమాదం డిశ్చార్జి తర్వాతి మొదటి వారాల్లోనే బాగా ఎక్కువ. పల్లెలో అయితే పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలను ఇంట్లోంచీ పశువుల కొట్టంలోంచీ తీసి వేరేచోట తాళం వేయండి. ఇంట్లో చేతికందేలా వారం మందులే ఉంచండి. బాత్రూము లోపలి గొళ్లెం బయటి నుంచి తెరవగలిగేలా మార్చండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి, అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా డాక్టరుకు ఫోను చేయండి, లేదా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

తిరగబెట్టే ముందు తనలో కనిపించే మూడు గుర్తులు తననే చెప్పమని అట్టముక్క మీద రాయించండి. ఒకరికి రెండు రాత్రులు నాలుగు గంటల నిద్ర, ఒకరికి కిటికీలు మూసేయడం, ఇంకొకరికి అర్ధరాత్రి స్నేహితులకు వరుస మెసేజీలు. ఒక గుర్తు కనిపిస్తే తనతో మాట్లాడండి, రెండైతే ఓపీ తేదీ ముందుకు జరిపించండి, మూడైతే ఆరోజే వెళ్లండి.

చదువు, డబ్బు

కాలేజీకి మొదట సగం రోజు, రెండు మూడు సబ్జెక్టులు. 75 శాతం హాజరు అడిగే చోట వైద్య కారణాల మీద కొంత మినహాయింపు ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ మొత్తం ఇవ్వనక్కర్లేదు, ‘చికిత్సలో ఉన్నారు, తిరిగి చేరవచ్చు’ అన్న డాక్టరు లేఖ సరిపోతుందేమో ముందు అడగండి. వెనకబడితే ఒక సెమిస్టరు వదులుకోవడం పరీక్షలకు నైటౌట్లు చేయించడం కన్నా నయం. జబ్బు దీర్ఘకాలం నిలిస్తే మానసిక అనారోగ్యానికీ వికలాంగ ధృవపత్రం ఉంది. ఐడియాస్ అనే కొలతతో లెక్కగట్టి, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే రాయితీలకు అర్హత వస్తుంది.

కాగితం మీద చివరిగా చేతులు మారేది డబ్బు. ఉన్మాదంలో అప్పుచేసి బైకు కొన్న అబ్బాయికి ఏటీఎం కార్డు లాక్కోవడం అవమానం, మొత్తం ఇచ్చేయడం ప్రమాదం. తన ఖాతాలోకి వారానికోసారి ఖర్చులు పంపండి, యూపీఐ రోజువారీ పరిమితిని తనతో కలిసి బ్యాంకు యాప్‌లో 500కు తగ్గించండి, లోన్ యాప్‌లు ఉంటే తన చేతే తీయించండి. నెలకోసారి ఆ పరిమితి ఎంతకు పెంచాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.