దెబ్బ తగిలాక మేనేజర్ మాటలు రికార్డు చేయాలంటే

ప్రెస్ మిషన్లో వేలు నలిగిన రోజు సూపర్‌వైజరే బండెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్తాడు. దారిలోనే చెబుతాడు: "ఇంటి దగ్గర బండి మీంచి పడ్డానని రాయించుకో, ఖర్చంతా మేం చూసుకుంటాం." నెల తర్వాత డ్యూటీకి వెళ్తే "నీ ప్లేసులో వేరేవాణ్ణి పెట్టేశాం" అంటారు. జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా ఈ వరస పెద్దగా మారదు. కాగితం మీద ఒక్క ముక్క ఉండదు, అన్నీ నోటి మాటలే. అక్కడే ఫోన్ రికార్డింగ్ పనికొస్తుంది. ఎలా పడితే అలా చేస్తే మాత్రం అది సాక్ష్యం కాకపోగా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

గీత ఒక్కటే: ఆ సంభాషణలో మీరు ఉన్నారా, లేదా? మీతో ఎదురుగా గానీ ఫోన్లో గానీ మాట్లాడుతున్న మనిషి మాటల్ని మీరు రికార్డు చేసుకోవడం మన దేశంలో నేరం కాదు. 1972లో బొంబాయి కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) లంచం కేసులో సుప్రీంకోర్టు ఈ దారి వేసింది. మాట్లాడేవాళ్లలో ఒకరి ఒప్పుదలతో చేసిన రికార్డింగును సాక్ష్యంగా తీసుకుంది. 2025 జూలైలో భార్యాభర్తల కేసులో రహస్యంగా చేసిన రికార్డింగును కూడా అనుమతించింది.

మీరు లేని చోట ఇద్దరు మాట్లాడుకునేది పట్టడం వేరే సంగతి. హెచ్‌ఆర్ గదిలో రికార్డర్ ఆన్ చేసి ఫోన్ "మర్చిపోయి" బయటికి రావడం, వేరేవాళ్ల ఫోన్లో యాప్ వేయడం, లైన్ ట్యాప్ చేయడం జోలికి పోవద్దు. భార్య తన వాళ్లతో మాట్లాడిన ఫోన్ కాల్స్ భర్త ట్యాప్ చేసిన కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పని చట్టవిరుద్ధమని తేల్చింది.

కోర్టులో నేరం కానిది కంపెనీలో తప్పు కావచ్చు. చాలా ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్లలో (ఉద్యోగుల సర్వీసు నియమాల్లో), అపాయింట్‌మెంట్ లెటర్లో రికార్డింగు నిషేధం ఉంటుంది. దాన్ని చూపించి ఛార్జిషీటు ఇస్తారు. ముందు ఆ లెటర్ తీసి చదవండి. గేటు దగ్గరే ఫోన్ పెట్టించుకునే రక్షణ కర్మాగారాల్లో ఈ ఆలోచనే వద్దు, అక్కడ అధికార రహస్యాల చట్టం తగులుకుంటుంది. అలాంటి చోట అధికారితో బయటినుంచి ఫోన్లోనే మాట్లాడండి. వీడియో జోలికీ వెళ్లకండి. ఆడియో చాలు. వీడియోలో పక్కవాళ్లు పడితే కొత్త గొడవలు.

ఫోన్ సిద్ధం చేయడం

ఇంట్లో ఒకసారి పరీక్ష చేయండి: రికార్డర్ ఆన్ చేసి, స్క్రీన్ ఆపి, పది నిమిషాలు జేబులో ఉంచి, తర్వాత వినండి. కొన్ని ఫోన్లలో బ్యాటరీ పొదుపు సెట్టింగు స్క్రీన్ ఆరిన కాసేపటికి రికార్డర్‌ను ఆపేస్తుంది. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే సరిపోతుంది.

ముఖ్యమైన మైకు ఫోన్ అడుగున ఉంటుంది. చొక్కా జేబులో ఫోన్ మామూలుగా పెడితే మైకు గుడ్డ అడుగుకు చేరి, మాటకన్నా రాపిడే ఎక్కువ వినిపిస్తుంది. తలకిందులుగా పెట్టండి, మైకు పైకి వస్తుంది. ప్యాంటు జేబు పనికిరాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి: మధ్యలో ఫోన్ మోగితే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది. షాప్‌ఫ్లోర్‌లో కంప్రెసర్ పక్కన ఎంత మంచి ఫోనైనా చేతులెత్తేస్తుంది. "సార్, ఇక్కడ వినపడట్లేదు, ఆఫీసులో మాట్లాడదామా" అని అక్కణ్ణుంచి కదిలించండి.

ఫోన్ కాల్స్ సంగతి వేరు. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో రికార్డింగు మొదలవగానే ఆ సంగతి అవతలివాళ్లకు గట్టిగా చెబుతుంది. ఐఫోన్లో కూడా అంతే. ఆ మాట విన్నాక ఎవరూ నోరు విప్పరు. అలాంటప్పుడు కాల్‌ను స్పీకర్లో పెట్టి ఇంకో ఫోన్లో రికార్డు చేయడమే మేలు. వాట్సాప్ కాల్‌కు కూడా ఇదే దారి.

ఏం మాట్లాడాలి

గదిలోకి వెళ్లే ముందే రికార్డు మొదలుపెట్టి తేదీ, సమయం, చోటు, కలవబోయే మనిషి హోదా మీ గొంతుతో చెప్పండి. బయటికొచ్చాక ఇంకోసారి సమయం చెప్పి ఆపండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే "నడుమ ఏం తీసేశారు" అన్న ప్రశ్న ఖాయం.

వాళ్లతో ఏదో ఒప్పించాలని తిట్టి, రెచ్చగొట్టి మాట్లాడితే ఆ రికార్డింగు మీకే ఎదురు తిరుగుతుంది. తక్కువ మాట్లాడండి, వివరాలు ప్రశ్నలోనే పెట్టండి. ఇలా: "సార్, 4వ తారీకు సెకండ్ షిఫ్ట్‌లో రెండో నంబరు ప్రెస్ దగ్గర నా కుడి చేతి వేలు నలిగింది కదా. ఈఎస్‌ఐకి యాక్సిడెంట్ రిపోర్టు పంపారా?" ఆయన "పంపుతాంలే, ముందు నువ్వు ఇంటి దగ్గర పడ్డావని రాసివ్వు" అంటే పని అయిపోయినట్టే. తేదీ, మిషను, గాయం, ఒత్తిడి నాలుగూ ఒక్కచోటే దొరికాయి. "మీరంతా దొంగలు" అని మొదలుపెడితే దొరికేది మీ కోపమే. "చూడండి మేనేజర్ గారూ" అని ఒకసారి పిలిస్తే గొంతు ఎవరిదో కూడా తెలుస్తుంది.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్న చోట యాజమాన్యం 24 గంటల్లోగా ప్రమాద నివేదిక పంపాలి, అది ఫారం 12. కాబట్టి "ఫారం 12 కాపీ ఇవ్వండి సార్" అని అడిగి, కాదన్న మాట రికార్డు కావడం బోలెడు వాదనలకన్నా బలం. ఈఎస్‌ఐ లేకపోతే పరిహారం కార్మిక శాఖ సహాయ కమిషనర్ లేదా డిప్యూటీ కమిషనర్ దగ్గర అడగాలి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పడాలి. సంతకం పెట్టమని తెల్లకాగితం చాపితే "ఇందులో ఏముంటుందో చదివి వినిపించండి" అనండి, అదీ రికార్డులో పడాలి. పరిహారం వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం చెల్లదు, కానీ తర్వాత దాన్ని కొట్టేయించడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

రికార్డింగుకన్నా విలువైనది ఆస్పత్రిలో మొదటి కేసు షీటు. అందులో "పనిలో మిషను తగిలి" అని ఉందా, "బండి మీంచి పడి" అని ఉందా చూసుకోండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు సూపర్‌వైజర్‌ను బయటే ఉండమనండి.

ఫైలును కాపాడుకోవడం

చాలా కేసులు ఇక్కడే పాడవుతాయి. అసలు ఫైలుకు పేరు మార్చొద్దు, కత్తిరించొద్దు, శబ్దం తగ్గించే యాప్‌లో వేయొద్దు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి. మామూలు నాణ్యతలో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ అవుతుంది కాబట్టి పావుగంట లోపు రికార్డింగును అదే రోజు మీ మెయిల్‌కే మీరు పంపుకోవచ్చు, తేదీకి అదో రుజువు. పెద్దదైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. ఆ ఫోన్ కేసు తేలేదాకా మార్చుకోవద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్ పగిలినా బీరువాలో దాచండి.

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులో ఉంది. దాని 63వ సెక్షన్ ప్రకారం కాపీని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు ఇస్తారు. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది, ఒక్క క్షణం కత్తిరించినా మారిపోతుంది. లాయర్ దగ్గర మొదటిసారి ఫైలు తెరిచిన రోజే హ్యాష్ తీయించి రాసిపెట్టండి. తర్వాత మాటల్ని యథాతథంగా, నిమిషం సెకను వేసి తెలుగులో రాయించండి. బూతులున్నా వదలొద్దు. మేనేజరు హిందీలో మాట్లాడితే ముందు ఆ మాటే తెలుగు లిపిలో, కింద అర్థం.

అదే సాయంత్రం ఆయనకు మెసేజ్ పెట్టండి: "సార్, ఈరోజు 11 గంటలకు మీ ఆఫీసులో యాక్సిడెంట్ రిపోర్టు గురించి అడిగాను, వచ్చే వారం పంపుతామన్నారు." జవాబు రాకపోయినా ఫర్వాలేదు, రెండు నీలం టిక్కులు పడితే చాలు. రికార్డింగును ఫేస్‌బుక్‌లోనో యూనియన్ గ్రూపులోనో పెట్టారంటే పరువునష్టం కేసు వాళ్ల చేతికి ఇచ్చినట్టే. లాయర్, కార్మిక శాఖ, కోర్టు తప్ప మరెవరికీ వినిపించొద్దు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

పైన చెప్పిన రికార్డింగు దారి అక్కడ పనికిరాదు. దుబాయ్, అబుదాబీల్లో అవతలివాళ్ల అనుమతి లేకుండా మాటలు రికార్డు చేస్తే 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద కనీసం ఆరు నెలల జైలు గానీ, లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హాముల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లి సైట్లో దెబ్బ తగిలినవాళ్లు ఫోర్‌మన్‌తో మాట్లాడాక ఆ మాటల్నే మెసేజ్‌గా రాసి ఆయనకు పంపి, ఆస్పత్రి కాగితాల ఫొటోలు ఇంటికి పంపి, అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు వేయాలి. ఇండియాకు ఫోన్ చేసి "రికార్డు చేశా, వినండి" అనడం కూడా వద్దు.