జెన్‌కి ఎస్టీమ్ ఇంజిన్ ఎక్కించే ముందు

పాత మారుతి జెన్‌ది 993 సీసీ ఇంజిన్. కార్బురేటర్ మోడల్‌లో 50 బీహెచ్‌పీ వస్తుంది. ఎస్టీమ్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే మోడల్)ది 1298 సీసీ, 85 బీహెచ్‌పీ. రెండూ సుజుకీ జీ సిరీస్‌వే. అందుకే మన విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఎవర్నడిగినా "ఎక్కేస్తుంది సార్" అంటారు. ఎక్కుతుంది కూడా, కానీ తలనొప్పులన్నీ ఆ తర్వాతే.

మొదట కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మారిస్తే 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏలో రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఉన్న 993 సీసీనే శుభ్రంగా ఓవర్‌హాలింగ్ చేయించండి. పికప్ పోయిందని వచ్చే జెన్‌లలో చాలావాటికి అదే సరిపోతుంది.

ఏ దారి పట్టినా కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడకుండా మొదలుపెట్టొద్దు. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కనెక్షన్ ఊడదీసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజీ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. 14 కేజీ/చ.సెం.మీ. దగ్గరుంటే బాగున్నట్టు, 12కి తగ్గితే పని ఉన్నట్టు. సిలిండర్ల మధ్య తేడా 1 దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి. కొనబోయే పాత ఇంజిన్‌కీ ఇదే పరీక్ష. దాన్ని నడిపి చూపించనంటే తీసుకోకండి. బిల్లు, ఇంజిన్ నంబరు, అది వచ్చిన కారు కాగితాలు చేతికి రావాలి.

ఇంజిన్ ఒక్కటే కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, థ్రాటిల్ బాడీ ఒకే కారువి తీసుకోండి. చిన్న ఇంజిన్‌కి చేసిన గేర్‌బాక్స్ మీద పెద్ద ఇంజిన్ బలం పడితే ముందు అరిగేది క్లచ్ ప్లేటే. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు లైను కూడా మారాలి. మెకానికల్ పంపు ప్రెషర్ ఇంజెక్టర్లకి చాలదు. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు, రిటర్న్ లైను, ఇంజెక్షన్ ప్రెషర్‌ని తట్టుకునే హోసులు కావాలి. మామూలు రబ్బరు గొట్టం, తీగ క్లిప్పు వేస్తే అది మంటలకి దారి. ఇక్కడ పొదుపు వద్దే వద్దు.

ఇంజిన్ దింపాక చేతికి అందేవన్నీ అప్పుడే మార్చేయండి: టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ వెనక సీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. క్లచ్ ప్లేటుని అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకి తెచ్చి బిగించాలి. లేకపోతే గేర్‌బాక్స్ లోపలికి కూర్చోదు. అప్పుడు బోల్టులతో లాగి బిగిస్తే హౌసింగ్ పగులుతుంది, ప్లేటు వంగుతుంది. గేర్ ఆయిల్ 75డబ్ల్యూ90 జీఎల్-4 వేయండి. కొన్ని జీఎల్-5 నూనెలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. లెవెల్ రంధ్రం నుంచి కారేదాకా పోస్తే చాలు.

మన ఊరి ఉప్పుగాలికి ఎర్త్ వైర్ల చివర్లు పచ్చగా చిలుం పడతాయి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ తీగ మార్చాలి. ఈసీయూ పాడైందని తేల్చేసిన బండ్లలో కొన్ని ఈ చవక తీగతోనే బాగవుతాయి.

రేడియేటర్ జెన్‌దే ఉంచితే ఎండాకాలం ఘాట్ రోడ్డులో టెంపరేచర్ ముల్లు పైకెక్కడం ఖాయం. పెద్దది పెట్టి, హోసుల్లో గాలి తీయండి. బ్రేకు ప్యాడ్లు, డ్రమ్ములు, ఫ్లూయిడ్ కూడా మార్చాకే సింహాచలం ఘాట్‌కి బయల్దేరండి. అక్కడ ఇబ్బంది లేకపోతే అప్పుడు అనంతగిరి.

తిరిగొచ్చాక బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పడిన చుక్కకి ఘాటైన గంధకం వాసన ఉంటే అది గేర్ ఆయిల్, యాక్సిల్ సీలు చూడండి. లేకపోతే క్రాంక్ వెనక సీలు నుంచి కారే ఇంజిన్ ఆయిల్ కావచ్చు. అదే అయితే గేర్‌బాక్స్ మళ్లీ దింపాల్సిందే.